ఎనిమిది మందీ అప్రస్తుత ప్రసంగులే

"ఎట్టుందిరా కొత్త ఆల్బం?"

"చెత్త మావా. ఈడి పనైపోయింది."

"మొత్తం ఇన్నావా?"

"ఇనేదేముంది? మావోడు చెప్పాడు."

"ఆడు ఇన్నాడా?"

"ఆడికి డాలస్‌లో ఉన్న వాళ్ల బావ చెప్పాడు."

పల్నాడు జిల్లా ఎడ్లపాడులో జాతీయ రహదారి పక్కన, టీ కొట్టు బల్లల మీద, ఏ వివాదాస్పద ర్యాపర్ ఆల్బం వచ్చినా విచారణ సుమారుగా ఇలాగే సాగుతుంది. న్యాయమూర్తులకు కొదవ లేదు. స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు దిగినవాడొకడు, గుంటూరు నుంచి కాలేజీ బస్సులో వచ్చినవాడొకడు, వంకాయలపాడు స్పైసెస్ పార్కులో మిర్చి లోడు దించి వచ్చినవాడు ఇంకొకడు. సాక్షులూ పుష్కలం. విచారణకు హాజరు కానిది ఆల్బం ఒక్కటే.

ఇందులో ఎడ్లపాడుకు ప్రత్యేకించి తలవంపులేమీ లేవు. హైదరాబాద్ మాదాపూర్‌లో జరిగేదీ ఇదే, టెక్సాస్‌లో వీకెండ్ బిర్యానీ ముందు కూర్చుని మనవాళ్లు చేసేదీ ఇదే. అక్కడ టీ ఖరీదెక్కువ, అంతే తేడా. 2024 నవంబర్ 22న అమెరికా ర్యాపర్ కెండ్రిక్ లమార్ 'జీఎన్ఎక్స్' ఆల్బంను చెప్పాపెట్టకుండా వదిలాడు. పన్నెండు పాటలు, సుమారు 44 నిమిషాలు. ఈ దశాబ్దపు ఆల్బం ఇదేనని ఒకడికి, మనిషిలో పస తగ్గిందని ఇంకొకడికి తేలిపోవడానికి ఆ 44 నిమిషాలు గడవాల్సిన అవసరం మాత్రం కనబడలేదు. సంగీతంలో తొందరపాటు ఎక్కడుందో వెతికేవాళ్లు తాళంలో వెతుకుతారు. అది శ్రోతలో ఉంది.

వాదించేవాళ్లను తెగలుగా విడదీసి చూస్తే మొదట తగిలేది సాహిత్యాభిమానుల తెగ. వీళ్లకు బీటుతో పనిలేదు. "లిరిక్స్ చూడు బాబాయ్, ఒక్కో లైన్‌కి మూడర్థాలు" అంటారు. కెండ్రిక్ సొంతూరు కాంప్టన్ వీధుల యాసలో, అక్కడి ముఠాల పాత పగల మీద, ఒక తరం అమెరికన్ టీవీ కార్యక్రమాల మీద వేసిన చురకలు ఆ పాటల నిండా ఉంటాయి. వాటి గుట్టు విప్పుకోవడానికి అమెరికా కుర్రాళ్లే వివరణలు పక్కన పెట్టుకుని కుస్తీ పడతారు. మనవాడికి మాత్రం బస్సు కిటికీ పక్కన ఒక్కసారి వినగానే శ్లేషలతో సహా బోధపడిపోతుంది. ఇంటర్‌లో తెలుగు పద్యానికి తాత్పర్యం తెలియక గైడు కొనుక్కున్నవాడూ ఇతనే.

రెండో తెగ లెక్కలవాళ్లు. వీళ్లకు చెవులతో నిమిత్తం లేదు, కాలిక్యులేటర్ చాలు. ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని వ్యూస్, మొదటి వారం ఎన్ని స్ట్రీమ్స్, ఏ చార్టులో ఎన్నో స్థానం. ఈ విద్య వీళ్లకు ర్యాప్ నేర్పలేదు. తెలుగు హీరోల ట్రైలర్లకు రాత్రంతా మేలుకుని వ్యూస్ కొట్టిన అనుభవం అది. ఈ శాస్త్రం ఎంత పటిష్ఠమైనదో తెలియాలంటే మన దేశపు ర్యాపర్ బాద్‌షా ఉదంతం చూడాలి. 2019 జులైలో అతని 'పాగల్' పాట ఒక్క రోజులో ఏడున్నర కోట్ల వ్యూస్ దాటిందని, ప్రపంచ రికార్డు బద్దలైందని ప్రచారం జరిగింది. యూట్యూబ్ ఆ రికార్డును ప్రకటించలేదు. ఆ సెప్టెంబర్‌లో, డబ్బు పెట్టి ప్రకటనల రూపంలో తెచ్చుకున్న వ్యూస్‌ను ఇకమీదట మ్యూజిక్ చార్టుల లెక్కలోకి తీసుకోబోమని చెప్పింది. 2020 ఆగస్టులో ముంబై పోలీసులు నకిలీ ఫాలోయర్ల కేసులో బాద్‌షాను ప్రశ్నించారు. ఆ వ్యూస్ కోసం 72 లక్షల రూపాయలు ఇచ్చినట్టు అతను ఒప్పుకున్నాడని పోలీసులు అన్నారు, అలాంటిదేమీ లేదని బాద్‌షా అన్నాడు. ఇంత రభస జరిగినా పాట బాగుందా లేదా అని పోలీసులు కూడా అడగలేదు. అభిమానులు సరేసరి.

లెక్కల వేదాంతానికి అసలైన దెబ్బ కెనడా ర్యాపర్ డ్రేక్ కొట్టాడు. 2024 మే నెలలో కెండ్రిక్ అతణ్ని దుమ్మెత్తిపోస్తూ 'నాట్ లైక్ అస్' పాడాడు. మరుసటి ఫిబ్రవరిలో ఆ పాటకు ఐదు గ్రామీలు వచ్చాయి. ఈలోగా డ్రేక్, తన పాటలూ కెండ్రిక్ పాటలూ అమ్మే యూనివర్సల్ మ్యూజిక్ గ్రూప్ మీదనే దావా వేశాడు. ఆ పాటతో తన పరువు తీశారని, బాట్లు పెట్టి దాని స్ట్రీమింగ్ లెక్కలు పెంచారని ఆరోపణ. కంపెనీ ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి అంకెలతోనే తన గొప్ప చాటుకున్న కళాకారుడు, ఎదుటివాడి అంకెలు చూసి అంకెలనే అనుమానించాల్సి వచ్చింది. అయినా రెండు పక్షాల అభిమానులూ ఆ అంకెలనే సాక్ష్యంగా చూపించుకున్నారు. ఎవరికి వాళ్లు తమవి నిజమని, ఎదుటివారివి దొంగవని.

2025 అక్టోబర్‌లో న్యూయార్క్ ఫెడరల్ న్యాయమూర్తి ఆ దావా కొట్టేశారు. "చూశావా, మావోడు గెలిచాడని కోర్టే చెప్పింది" అని కెండ్రిక్ పక్షం ఈలలు వేసింది. కోర్టు ఆ మాట అనలేదు. ఎవరి ఆల్బం గొప్పదో తేల్చడం దాని పని కాదు. అది చెప్పిందల్లా, ఇద్దరు ర్యాపర్లు పంతాలకు పోయి విసురుకున్న మాటలను ఆలోచన ఉన్న శ్రోత వాస్తవాలుగా తీసుకోడని, అవి అభిప్రాయాల కిందికే వస్తాయని. ఆ తీర్పును తుచ తప్పకుండా అమలు చేస్తే మన అభిమాన సంఘాల్లో సభ్యత్వానికి అర్హులు మిగలరు.

మూడో తెగ పెద్దలది. "ఒకణ్నొకడు తిట్టుకోవడం, ఎవడి గొప్ప వాడే చెప్పుకోవడం, అదొక పాటా? మన సంప్రదాయంలో ఉందా ఇది? అంతా అమెరికా దరిద్రం" అన్నది వీళ్ల వాదం. హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునే తేదీ 1973 ఆగస్టు 11. ఆ రోజున న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ ఒక పార్టీలో రికార్డులు తిప్పాడు. ఆ తేదీ దాకా తెలుగువాళ్లు నోట్లో తులసాకు పెట్టుకుని బతికారన్న మాట. ఈ వాదనను పూర్వపక్షం చేసే సాక్షి, పెద్దల దురదృష్టం కొద్దీ, ఎడ్లపాడు మండలంలోనే ఉంది. కొండవీడు.

పదిహేనో శతాబ్దం తొలి రోజుల్లో కొండవీడులో పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి. ఆ తర్వాతి కాలంలో విజయనగరం వెళ్లి ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టుతో వాదానికి దిగాడు, గెలిచాడు. గెలిచి ఊరుకున్నాడా అంటే, ఓడినవాడి గౌరవ చిహ్నమైన కంచు ఢక్కను పగలగొట్టించాడు. రాజు చేత కనకాభిషేకం చేయించుకున్నాడు. ఈ సంగతులన్నీ పద్యాల్లో ఆయనే చాటుకున్నట్టు చాటువులు చెబుతాయి. ఎదుటివాణ్ని పాటలో ఓడించిన ర్యాపర్లు అమెరికాలో చాలామందే ఉన్నారు. ఓడినవాడి వాయిద్యాన్ని సర్కారీ ఆమోదంతో పగలగొట్టించి, పైన బంగారు నాణేలు పోయించుకున్న రికార్డు మాత్రం ఇప్పటికీ మనదే.

అంతటితో ఆగలేదు. పల్నాడు మీద శ్రీనాథుడి పేర చలామణిలో ఉన్న చాటువులు ఈ సీమ రాళ్లను వెక్కిరించాయి, నీళ్ల కరువును వెక్కిరించాయి, జొన్నకూటినీ వదల్లేదు. ర్యాపర్ల భాషలో డిస్, అంటే తిట్టుపాట, అదీ ఒక ప్రాంతం మొత్తం మీద. దానికి పల్నాడు ఏం చేసింది? ఆయన మీద కేసు పెట్టలేదు. ఆ పద్యాలను కంఠతా పట్టి, పెళ్లి పందిళ్లలో, బడి వార్షికోత్సవాల్లో ముచ్చటగా అప్పజెబుతోంది. పైగా తమ వీరుల కథను ద్విపదలో రాసిన గౌరవాన్నీ ఆయనకే కట్టబెట్టింది. తిట్టిన కవిని నెత్తిన పెట్టుకున్న సీమలో కూర్చుని, తిట్టే పాట మన సంప్రదాయం కాదనడానికి కొంచెం ధైర్యం కావాలి.

శ్రీనాథుడి కాలం మరీ పాతదంటే, నిన్నమొన్నటి సంగతి చూడొచ్చు. నరసరావుపేట దగ్గర కొప్పరం ఊరి అన్నదమ్ములు కొప్పరపు వెంకట సుబ్బరాయకవి, వెంకట రమణకవి ఆశువుగా గంటకు వందల పద్యాలు చెప్పేవారని పేరు. అప్పటికే అవధాన రంగంలో దిగ్గజాలుగా ఉన్నది తిరుపతి వెంకట కవులు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ రెండు జంటల మధ్య రాజుకున్న పంతాలు సభల్లోనూ, పత్రికల్లోనూ, పద్యాల్లోనూ చెలరేగాయి. తిరుపతి వెంకట కవులు తెలుగు, సంస్కృతం రెండు భాషల్లోనూ తమను గెలిచినవాళ్లకు మీసాలు తీసి మొక్కుతామని పద్యంలోనే సవాలు విసిరి, మీసాలు పెంచుకు తిరిగారు. ఆనాటి వాదాల వేడి తెలియాలంటే వాళ్ల 'గీరతం' తిరగేస్తే చాలు. అభిమానులు అప్పుడూ రెండు వర్గాలే. ఎవరి పక్షం వాళ్లదే, ఎవరి పెద్దకవి వాళ్లకే. ర్యాప్‌లో ఉన్నవన్నీ అక్కడ ఉన్నాయి. సొంత డబ్బా, సవాలు, ప్రతిసవాలు, ప్రాసల మీద పట్టు, సంఘాలుగా చీలిన జనం. లేనిది ఒక్క మైకు.

కాకపోతే ఆ అవధాన సభకు ఒక కట్టుబాటు ఉంది. అష్టావధానిని ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టుముడతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతూ నిషిద్ధాక్షరి నడుపుతారు. మిగతావాళ్లూ తలా ఒక పరీక్ష పెడతారు. వాళ్లలో అప్రస్తుత ప్రసంగి అని ఒకడుంటాడు. సందర్భం లేని మాటలతో అవధాని ధ్యాస చెడగొట్టడం అతని వృత్తిధర్మం. ఈ వెటకారం లేకపోతే సభ చప్పబడుతుంది, అందుకే పెట్టారు. అయితే ఒక్కణ్నే పెట్టారు. నేటి ఆల్బం సభలో ఎనిమిది కుర్చీల్లోనూ అతనే కూర్చున్నాడు. ఒకడు ర్యాపర్ విడాకుల గురించి అడుగుతాడు, ఒకడు అతని బూట్ల కంపెనీ గురించి, ఒకడు పాత ప్రేయసి గురించి, ఒకడు పోయినేడాది ట్వీట్ గురించి. పద్యం ఎక్కడిదాకా వచ్చిందో అడిగే పృచ్ఛకుడి కుర్చీ ఖాళీ.

ఇంతవరకు చదివి, ఆ పాత సభలే న్యాయమైనవని సంతోషించే పెద్దలకు గుర్రం జాషువా జీవితం మింగుడు పడదు. జాషువా పుట్టింది పల్నాడులోనే, వినుకొండలో, 1895లో. కుర్రతనంలో వినుకొండ అవధాన సభలో ఒక పద్యం చదివితే, పద్యం ఎలా ఉందన్నది పక్కకు పోయి, ఈ కులంవాణ్ని సభలోకి ఎవరు రానిచ్చారన్న గొడవ రేగింది. యతిప్రాసలు, గణాలు, అలంకారాలు వేళ్ల మీద లెక్కపెట్టగల రసజ్ఞులు ఆ క్షణంలో లెక్కపెట్టింది వేరే. తర్వాత ఎన్నో ఏళ్లకు, మీసాల సవాలు విసిరిన జంటలోని చెళ్లపిళ్ల వెంకటశాస్త్రే జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. అంటే వినదలుచుకుంటే వినబడుతుందన్న మాటే. ఇవాళ కొత్త తెలుగు గాయకుడి పాట వినకముందే అతని ఇంటిపేరు ఆరా తీసి, ఆ ఇంటిపేరు ఏ హీరో పక్షానిదో లెక్కకట్టి, ఆ తర్వాత బీటు బాగుందో లేదో ప్రకటించే రసజ్ఞులు వినుకొండ సభకు నిఖార్సయిన వారసులు.

నాలుగో తెగ అందరికంటే తెలివైనది. వీళ్ల దగ్గర ఒక తెర ఉంటుంది. దాని మీద "కళ వేరు, కళాకారుడు వేరు" అని రాసి ఉంటుంది. అమెరికా ర్యాపర్ కాన్యే వెస్ట్, ఇప్పుడు పేరు మార్చుకుని యే, 2022 అక్టోబర్‌లో యూదుల మీద ద్వేషం కక్కాడు. అడిడాస్ అతనితో తెగతెంపులు చేసుకుంది. అయినా 2024 ఫిబ్రవరిలో టై డాలా సైన్‌తో కలిసి తెచ్చిన 'వల్చర్స్ 1' బిల్‌బోర్డ్ ఆల్బం చార్టులో మొదటి స్థానంలో నిలిచింది. 2025 ఫిబ్రవరిలో నాజీ గుర్తున్న టీషర్టులు అమ్మకానికి పెట్టాడు. అదే ఏడాది హిట్లర్‌ను కీర్తిస్తూ పాట చేస్తే, ఆస్ట్రేలియా అతని వీసానే రద్దు చేసింది. ఇంత జరిగాక కూడా తెర వెనక దాక్కోవడం వీలవుతుంది, ఎందుకంటే దెబ్బ తగిలింది మన ఇంట్లోవాళ్లకు కాదు. మన దగ్గర హిట్లర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1997లో చెల్లెళ్ల కోసం కళ్లెర్రజేసిన చిరంజీవి. అరవై లక్షల మంది యూదుల ఊచకోత మన సిలబస్‌లో రెండు మార్కుల ప్రశ్న.

తెర నిజాయితీని తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. అదే కాన్యే అదే నోటితో తెలుగువాళ్లను తిట్టాడనుకోండి. లేదా టీ కొట్టు దగ్గర కూర్చున్నవాడి అభిమాన హీరోను తిట్టాడనుకోండి. అప్పుడు కళ, కళాకారుడు, ర్యాపర్ వాళ్ల అమ్మానాన్న అందరూ ఒక్కటైపోతారు. కళాకారుడి నడత పాటను కలుషితం చేస్తుందని నమ్మేవాళ్లతో వాదించవచ్చు, చేయదని నమ్మేవాళ్లతోనూ వాదించవచ్చు. శత్రువు విషయంలో చేస్తుందని, మనవాడి విషయంలో చేయదని నమ్మేవాడితో ఏం వాదిస్తాం?

ప్రభుత్వాలూ భక్తులూ ఈ సభకు దూరంగా ఉన్నారనుకుంటే పొరపాటు. 2022లో దేవిశ్రీ ప్రసాద్ 'ఓ పరి' ఆల్బం పాటలో హరే రామ హరే కృష్ణ మాటలను నృత్యం చేసే భామల మధ్య వాడారని, సినీ నటి కరాటే కల్యాణి హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేశారు. బాణీ ఎలా ఉందన్న సంగతి రాష్ట్రంలో ఎవరూ పట్టించుకోలేదు. దుస్తుల మీద మాత్రం సమగ్ర సమీక్షలు వచ్చాయి. 2024 నవంబర్ 15న హైదరాబాద్‌లో పంజాబీ గాయకుడు దిల్జీత్ దొసాంజ్ కచేరీ జరిగింది. మద్యాన్ని, మత్తుమందులను, హింసను ప్రోత్సహించే పాటలు పాడకూడదని తెలంగాణ అధికారులు ముందే నోటీసు పంపారు. ఆయన తెలివిగా పాటలో మందు ఉన్నచోట కోక్ అని మార్చి పాడి, ప్రజారోగ్యాన్ని కాపాడారు. మద్యం టోకు వ్యాపారం మొత్తం ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్న రాష్ట్రమది. సీసా సర్కారుది కావచ్చు, సీసా మీద పాట మాత్రం నేరం. రాష్ట్రాలన్నీ మద్యనిషేధం పెడితే తానూ ఆ పాటలు మానేస్తానని ఆయన తర్వాత అహ్మదాబాద్ వేదిక మీద అన్నారు. ఆ సవాలుకు ఏ రాష్ట్రమూ మీసం తీసి మొక్కినట్టు వార్త రాలేదు.

ఇక చేయాల్సింది ఏమిటంటే, ఆల్బం వాదాలను నిషేధించడం కాదు. నిషేధిస్తే పల్నాడులో సాయంత్రాలు గడవవు. అవధానం నుంచి ఒక అంశం అరువు తెచ్చుకుంటే చాలు. సభ చివర అవధాని ధారణ చేస్తాడు. విడతలు విడతలుగా చెప్పిన పద్యాలన్నీ కాగితం లేకుండా వరసగా తిరిగి అప్పజెబుతాడు. ఆల్బం మీద తీర్పు చెప్పదలుచుకున్న ప్రతివాడికీ ఇదే పరీక్ష పెట్టాలి. ఆ ఆల్బంలోంచి ఎనిమిది లైన్లు, ఎనిమిది కాకపోతే నాలుగు, నోటికి చెప్పాకే నోరు విప్పే హక్కు. వ్యూస్ మాటెత్తినవాడు ఆ పూట అందరి టీ డబ్బులూ కట్టాలి. "కళ వేరు, కళాకారుడు వేరు" అనేవాడు ఆ మాటను ముందుగా తనకు గిట్టని కళాకారుడి గురించి, తనవాళ్ల ఎదుట, గట్టిగా అని చూపించాలి. సంప్రదాయం పేరెత్తే పెద్దలు శ్రీనాథుడి పల్నాటి చాటువు ఒకటి అప్పజెప్పి, అందులో తమ ఊరికి జరిగిన మర్యాద ఏమిటో వివరించాలి.

పరీక్షాధికారుల కోసం దూరం పోనక్కర్లేదు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. అక్కడ వీరవిద్యావంతులు బ్రహ్మనాయుడి కథ, నాగమ్మ కథ, కోడిపందెం, యుద్ధం రాత్రుళ్లు నోటికి పాడతారు. అలిసెట్టి గాలెయ్య పాడిన కథను అమెరికా పండితుడు జీన్ రోఘేర్ రికార్డు చేసి, అనువదించి, 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల చేత పెద్ద పుస్తకంగా అచ్చువేయించాడు. ఆ పరంపరలోని గాయకులను నలుగురిని కూర్చోబెట్టి, ఒక్కొక్క అభిమానినీ పిలిచి, "నాయనా, నువ్వు తిడుతున్న పాట ఒక్క చరణం చెప్పు" అనిపిస్తే సరి. వచ్చే శుక్రవారం మరో ఆల్బం రాకముందే ప్రకటన వేస్తే దరఖాస్తులు కుప్పలుగా వస్తాయి. అభ్యర్థులు అడగబోయే మొదటి ప్రశ్న కూడా తెలిసిందే. పాటలు వినకుండా పాసయ్యేందుకు గైడేమైనా ఉందా అని.